లంగరు ఎడం: దూరపు కర్ర తయారీ డైరీ

డిసెంబరు 8

పడవ పొట్టకు వేసిన చివరి పూత ఆరింది. మిగిలిన పనుల్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినది లంగరు సంగతి. లంగరు అంటే అంగడిలో కొనుక్కొచ్చి తాడుకు కట్టుకునే ఇనుప వస్తువు గురించి కాదు. దాన్ని ఎక్కడ వదలాలి, పక్క పడవకు, గట్టుకు, వలలు కట్టిన కర్రలకు ఎంత ఎడం ఉంచాలి అన్న లెక్క గురించి. తిరుపతిలో కూర్చుని తెరచాప పడవ చేయడం కొండ మీద ఓడ కట్టినట్టుందని ఇంట్లో నవ్వుతున్నారు. అయితే 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు సూళ్లూరుపేట, తడ తిరుపతి జిల్లాలోకి వచ్చాయి కాబట్టి పులికాట్ సరస్సులో చాలా భాగం ఇప్పుడు మా జిల్లా నీరే.

పడవ పొడవు 5 మీటర్లు. అడుగు చదునుగా ఉంటుంది, నడిమి పలకను పైకి లాగుకోవచ్చు. తెరచాప కొయ్య కొన నీటి మట్టానికి 6 మీటర్ల ఎత్తున నిలుస్తుంది. ఈ చివరి కొలతను ఇప్పుడే రాసి పెట్టుకోవడానికి కారణం ఉంది, దాని అవసరం ముందు ముందు వస్తుంది.

ముందు లెక్క చూసుకుందాము. లంగరు వేసిన పడవ ఒక చోట నిలిచి ఉండదు. గాలి ఎటు మళ్లితే అటు, లంగరు చుట్టూ ఒక వలయంలో తిరుగుతూ ఉంటుంది. నీటి లోతుకు పడవ ముక్కు ఎత్తును కలిపి, దానికి ఎన్ని రెట్ల తాడు వదులుతామో అదే ఆ వలయాన్ని నిర్ణయిస్తుంది. మూడు రెట్లు వదిలితే, బిగుసుకున్న తాడు నేలతో సుమారు 19 డిగ్రీల కోణం చేస్తుంది; అయిదు రెట్లకు ఆ కోణం 11న్నర, ఏడు రెట్లకు 8 డిగ్రీలు. కోణం తగ్గే కొద్దీ లంగరును పైకి లేపే లాగుడు తగ్గి, మట్టిలోకి దించే లాగుడు పెరుగుతుంది. అందుకే తాడు ఎక్కువ వదలమంటారు. అయితే తాడు ఎంత పెరిగితే వలయం అంత పెరుగుతుంది, చోటు కూడా అంతే కావలసి వస్తుంది.

లోతు 3 మీటర్లు, ముక్కు ఎత్తు ఒక మీటరు అనుకుంటే అయిదు రెట్లకు 20 మీటర్ల తాడు కావాలి. తాడు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి నీటి మీద దూరం అంతకంటే తక్కువ ఉండాలి కదా అని లెక్క వేసి చూస్తే, 19.6 మీటర్లు వచ్చింది. మూడు రెట్లకు సైతం తగ్గుదల నూటికి ఆరు పాళ్లే. కాబట్టి ఆ కోత గురించి ఆలోచించడం మానేసి, వదిలిన తాడు పొడవుకు పడవ పొడవును కలిపితే అదే వలయపు వ్యాసార్ధమని నిశ్చయించుకున్నాను. పై ఉదాహరణకు అది 25 మీటర్లు.

డిసెంబరు 15

తాడు, గొలుసు వచ్చాయి. అంగడిలో మొదట నీలం రంగు పాలీప్రొపిలీన్ తాడు చూపించారు. చవక, గట్టిది, కాని నీటి మీద తేలుతుంది. తేలే తాడు లంగరుకు పనికిరాదు, ఎందుకంటే పక్కగా వెళ్లే మోటారు పడవ పంకాకు అది చుట్టుకుంటుంది. గాలి లేని వేళ అది నీటి పైన పరుచుకుని ఉంటే మన వలయం ఎంతో మనకే తెలియదు. నైలాన్ మునుగుతుంది, సాగుతుంది, కుదుపును తనలోకి తీసుకుంటుంది. 12 మిల్లీమీటర్ల నైలాన్ తాడు 50 మీటర్లు, దాని కొనన 8 మిల్లీమీటర్ల గొలుసు 5 మీటర్లు తీసుకున్నాను. ఈ గొలుసు మీటరు సుమారు 1.4 కిలోలు తూగుతుంది, అంటే మొత్తం 7 కిలోలు. నేల మీద పరుచుకుని తాడు రాపిడిని తప్పించడానికి, లాగుడు కోణాన్ని కాస్త తగ్గించడానికి అది చాలు.

అసలు పని గుర్తులు వేయడం. ఎంత తాడు వదిలామో తెలియకుండా ఎంత ఎడం కావాలో తెలియదు. ఇంటి ముందు వీధిలో తాడును చాపి, టేపు పట్టి, ప్రతి 5 మీటర్లకూ పేటల మధ్య రంగు గుడ్డ పీలిక దూర్చి దారంతో కుట్టాను. 5కు ఎరుపు, 10కి పసుపు, 15కు తెలుపు, 20కి రెండు ఎరుపులు, ఆ తర్వాత ఇదే వరస. చీకట్లో రంగు కనబడదు కాబట్టి 20 మీటర్ల గుర్తు దగ్గర ఒక ముడి అదనంగా వేశాను. చేతిలోంచి తాడు జారుతుంటే అది వేళ్లకు తగులుతుంది. తాడు సాగే గుణం ఉన్నందువల్ల కొలిచేటప్పుడు ఒక కొసను గేటుకు కట్టి, ఇద్దరం ఒంటి బరువుతో లాగి పట్టి గుర్తులు పెట్టాము. వదులుగా పరిచి కొలిస్తే గాలి లాగినప్పుడు గుర్తులు తప్పుతాయి.

లోతు కొలిచే తాడుకు అరకిలో సీసపు గుండు కట్టి, అర బారకు ఒక ముడి వేశాను. పడవలో నిలబడి చేతులు చాచి లెక్కపెట్టేవారికి మీటరు కంటే బారే సులువు.

డిసెంబరు 22

ఈ వారం దూరపు కర్ర తయారైంది. పాత అరబ్బు నావికులు నక్షత్రపు ఎత్తు కొలవడానికి కమాల్ అనే చిన్న పలకను వాడేవారు. పలక నడుమ నుంచి ముడులు వేసిన ఒక దారం ఉండేది. కావలసిన ముడిని పళ్ల మధ్య పట్టి, దారం బిగిసేలా పలకను ముందుకు చాచి చూసేవారు. ఒక ముడిని పట్టినప్పుడు కంటికీ పలకకూ మధ్య దూరం ప్రతిసారీ ఒక్కటే ఉండేలా చేయడమే అందులోని కిటుకు. నా కర్ర కూడా అదే పద్ధతి. 30 సెంటీమీటర్ల టేకు బద్ద మీద మిల్లీమీటర్ల గీతలు గీసి, మధ్యలో రంధ్రం పెట్టి, పళ్ల నుంచి కర్ర దాకా సరిగ్గా 60 సెంటీమీటర్లు వచ్చేలా సాగని అల్లిక దారం కట్టాను.

ఎదుటి పడవ కొయ్య ఎత్తు తెలిస్తే చాలు. దాన్ని 60తో గుణించి, కర్ర మీద కనిపించిన సెంటీమీటర్లతో భాగిస్తే మీటర్లలో దూరం వస్తుంది. మా పడవ కొయ్య 6 మీటర్లు కాబట్టి గుణిస్తే 360. కర్ర మీద 18 సెంటీమీటర్లు ఆక్రమిస్తే 20 మీటర్లు, 12 ఆక్రమిస్తే 30, 9 ఆక్రమిస్తే 40, 6 ఆక్రమిస్తే 60 మీటర్లు. ఈ అంకెలనే కర్ర వెనుక వైపు వేడి సూదితో గీశాను.

కొయ్య లేని చేపల పడవల సంగతి వేరు. అక్కడ నిలబడ్డ మనిషే కొలత. 1.65 మీటర్ల మనిషి 40 మీటర్ల దూరాన కర్ర మీద రెండున్నర సెంటీమీటర్లు కూడా రాడు. ఒక మిల్లీమీటరు అటూఇటూ అయితే దూరంలో మీటరున్నర తేడా పడుతుంది. కొయ్యతో చూసినప్పుడు మిల్లీమీటరు పొరపాటు పెద్ద లెక్కలోకి రాదు గాని, కొయ్య ఎత్తును నూటికి పది పాళ్లు తప్పుగా ఊహిస్తే దూరం కూడా నూటికి పది పాళ్లు తప్పుతుంది. కర్ర కచ్చితత్వం మన ఊహ కచ్చితత్వాన్ని మించదు.

కర్ర చేతిలో లేనప్పటికి బొటనవేలు ఉంది. చేయి చాచి, బొటనవేలిని నిలబెట్టి, ఒక కన్ను మూసి చూసి, తర్వాత రెండో కంటితో చూస్తే వేలు పక్కకు గెంతినట్టు కనబడుతుంది. కళ్ల మధ్య ఎడానికి చేయి పొడవు ఇంచుమించు పది రెట్లు కాబట్టి, వేలు ఎంత దూరం గెంతిందో దానికి పది రెట్లు దూరం. ఎదుటి పడవ అడ్డంగా కనిపిస్తూ, దాని పొడవు 6 మీటర్లని తెలిసి, వేలు ముందు కొన నుంచి వెనుక కొనకు గెంతితే 60 మీటర్లు. సగం పడవ గెంతితే 30. లంగరు వేసిన పడవలన్నీ ముక్కును గాలికి పెట్టి నిలుస్తాయి కాబట్టి, పక్కన ఉన్న పడవ మనకు పొడవుగా, ముందు ఉన్నది వెడల్పుగా మాత్రమే కనబడుతుంది. అందువల్ల పక్క పడవకు వేలు, ముందు పడవకు కర్ర అని పంచుకున్నాను.

డిసెంబరు 29

యూనివర్సిటీ మైదానంలో కర్రను సరిచూశాము. 6 మీటర్ల వెదురును నిలబెట్టి, టేపుతో కొలిచిన దూరాల నుంచి చదివితే, 50 మీటర్ల లోపు ఒక మీటరుకు మించి తేడా రాలేదు. దారం వదులైతే మాత్రం వెంటనే తప్పుతుంది. మైదానం గురించి ఇంతకంటే రాయవలసింది లేదు.

జనవరి 11

తిరుపతి దగ్గరి రాయలచెరువులో పడవ దించాము. చెరువులో చేపలు పెంచుకునే సొసైటీ పెద్దలను ముందే అడిగి, వలలకు దూరంగా ఉంటామని మాట ఇచ్చి, చిన్న ట్రక్కు మీద తీసుకువెళ్లాము. కార్తీక వానల నీరు ఇంకా నిండుగా ఉంది. మేము నిలిచిన చోట గుండు తాడు బారన్నర చూపించింది, అంటే మూడు మీటర్లకు కాస్త తక్కువ.

నీటి మీద కంటి అంచనా నేల మీద అంచనాలాంటిది కాదని అందరూ చెబుతారు. ఎంత తేడా ఉంటుందో చూడాలని నా కోరిక. గట్టు పక్కన నిలిపిన మా మిత్రుడి పడవను చూసి నలభై మీటర్లన్నాను. కర్ర 58 చెప్పింది. పక్కనున్నవారు కూడా నాకంటే ఎక్కువ చెప్పలేదు. నేల మీద చెట్టు, రాయి, గోడ అని మధ్యలో మెట్లు ఉంటాయి, కన్ను వాటి మీద అడుగులు వేసుకుంటూ పోతుంది. నీటి మీద అవేవీ లేవు, పైగా పడవలో కూర్చున్న కన్ను నీటికి మీటరు ఎత్తున మాత్రమే ఉంటుంది. దూరాన్ని తక్కువగా అనుకోవడం క్షేమమే కదా అనిపించవచ్చు. కాని ముందున్న పడవ మీద పడిపోతున్నామని తొందరగా లంగరు వదిలితే, 20 మీటర్ల తాడు వదిలేసరికి మనం వెనుకనున్న పడవ ముక్కు దగ్గరకు చేరుకుంటాము.

చేపలవాళ్లలో ఒక పెద్దాయన మా కొలతలను చాలాసేపు చూశారు. కర్రను తీసుకుని పళ్ల మధ్య దారం పెట్టుకుని చూసి, నవ్వి తిరిగి ఇచ్చారు.

"పడవ ఎంత దూరమో చూస్తా ఉండారు బాగానే. దాని లంగరు యాడ పడిందో అడిగినారా సామీ?"

"అడగలేదు పెద్దాయనా. ముక్కు ముందరే కదా ఉంటుంది?"

"ముందరే ఉంటాది. ఎంత ముందర? తాడు ఎంత వదిలినాడో వాణ్ణే అడగల్ల. మీ కర్రకు అది కనపడదు."

ఈ ప్రాజెక్టులో కొలవవలసిన ఎడం పడవకూ పడవకూ మధ్య ఉన్నది కాదు, లంగరుకూ లంగరుకూ మధ్య ఉన్నది. పడవలు ఏ గంటకు ఆ గంటకు చోటు మారుతుంటాయి. లంగర్లు, జారకపోతే, వేసిన చోటే ఉంటాయి. ఎదుటి లంగరు నీటి అడుగున ఉంటుంది కాబట్టి దాన్ని కంటితో పట్టలేము. తాడు నీటిలోకి దిగుతున్న వాలును చూసి కొంత ఊహించవచ్చు, అంతకంటే పక్క పడవలోని వారిని పలకరించి అడగడం నయం.

జనవరి 19

పెద్దాయన మాట తర్వాత లెక్కను మొత్తం తిరగరాశాను. రెండు పడవలూ చెరో దిక్కుకూ తిరిగే అవకాశం ఉంటే, లంగర్ల మధ్య ఎడం రెండు వలయాల వ్యాసార్ధాల మొత్తమంత ఉండాలి. మాకు 25, అవతలివారికి 25 అయితే 50 మీటర్లు. రద్దీగా ఉన్న చోట ఎవరూ ఇంత చోటు ఇవ్వరు. నిజానికి ఒకే గాలికి ఒకే రకం పడవలు కలిసే తిరుగుతాయి, కలిసి తిరిగినంత సేపూ వాటి మధ్య ఎడం మారదు. గాలి పూర్తిగా తిరగబడినా, రెండూ తిరిగిపోయాక మళ్లీ ముందున్నంత ఎడంలోనే ఉంటాయి. చిక్కంతా తిరిగే సమయంలోనే ఉంది. తేలికది ముందు తిరుగుతుంది, బరువైనది ఆలస్యంగా తిరుగుతుంది. నీటి ఒరవడి ఉన్న చోట లోతైన అడుగున్న పడవ గాలి మాట వినకుండా ఒరవడి మాట వింటుంది. గొలుసు మొత్తం నేల మీద పరుచుకున్న పడవ చిరుగాలికి కదలనే కదలదు, తాడు మీద ఉన్న పడవ అదే గాలికి వలయమంతా చుట్టి వస్తుంది.

కాబట్టి ప్రశ్న ఇలా మారింది: ఒకటి మరొకదానికంటే ఎంత వెనుకబడవచ్చు? రెండిటి తాళ్లు సమానమై, వాటి దిశల మధ్య 60 డిగ్రీల తేడా వచ్చిందనుకుంటే, సమబాహు త్రిభుజం వల్ల ఆ తేడా సరిగ్గా ఒక తాడు పొడవంత దూరాన్ని తినేస్తుంది. అంటే లంగర్ల మధ్య ఒక తాడు పొడవు, దానిపైన ఒక పడవ పొడవు, ఇంకో పడవ పొడవంత మిగులు ఉంచుకుంటే 60 డిగ్రీల తేడా దాకా ఒకదానికొకటి తగలవు. మా లెక్కకు 20, 5, 5 కలిపి 30 మీటర్లు. ఒకే రకం పడవల మధ్య ఇది చాలు. రకాలు వేరైతే, తాళ్లు వేరైతే, లేదా పక్క పడవలో అడగడానికి ఎవరూ లేకపోతే 50 మీటర్ల లెక్కకే వెళ్లాలి. చోటు లేకపోతే అక్కడ లంగరు వేయకుండా ముందుకు పోవడమే సరైనది.

ముందున్న పడవ వెనుక కొన పక్కనే లంగరు వదిలి వెనక్కు జారే అలవాటు చాలామందికి ఉంది. అందులో ఒక అసౌకర్యం కనిపించింది. గాలి తిరగబడితే మనం వచ్చి సరిగ్గా వారి లంగరు మీద నిలుస్తాము. వారు బయలుదేరాలంటే మనల్ని లేపాలి. తెల్లవారుజామున చీవాట్లు తప్పవు.

ఫిబ్రవరి 2

ఈ 30 మీటర్ల లెక్కను రాయలచెరువులోనే పరీక్షించాము. మిత్రుడి పడవ కూడా మాదంతే ఉంటుంది, దానికీ 20 మీటర్ల తాడే వదిలించాము. లంగర్లు వదిలిన చోట్ల రెండు ఖాళీ డబ్బాలను దారంతో కట్టి తేలించాము కాబట్టి ఈసారి లంగరు ఎక్కడుందో కళ్లకు కనబడింది. మధ్యాహ్నం దాకా గాలి నిలకడగా వీచింది. ఆ తర్వాత కొండల సందులోంచి తెరలుతెరలుగా వచ్చి, ఒక్కో తెర ఒక్కో దిక్కుకు తోసింది. మా పడవలో సామాను తక్కువ కాబట్టి అది ముక్కును అటూఇటూ ఊపుకుంటూ ముందు తిరిగేది, మిత్రుడి పడవలో నీళ్ల డ్రమ్ము ఉన్నందున నింపాదిగా వెనకాలే వచ్చేది. కర్రతో చూస్తూ పోతే, రెండు పడవల మధ్య ఎడం ఎక్కువలో ఎక్కువ 34, తక్కువలో తక్కువ 19 మీటర్లు వచ్చింది. 19 వచ్చినప్పుడు దిశల మధ్య తేడా ముప్ఫై డిగ్రీలకు కాస్త ఎక్కువ ఉంటుందని లెక్క చెబుతుంది, కంటికి కూడా అంతే కనిపించింది. ఖాళీ పడవకు, బరువున్న పడవకు మధ్యే ఇంత తేడా ఉంటే, పెద్ద మోటారు పడవ పక్కన 60 డిగ్రీలు కూడా దాటవచ్చు. 50 మీటర్ల నియమాన్ని కొట్టివేయకుండా ఉంచడానికి ఇదే కారణం.

ఫోన్‌లో లంగరు జారితే మోగే యాప్‌ను కూడా ఇదే రోజు చూశాము. దాని కేంద్రాన్ని లంగరు వదిలిన క్షణంలో పడవ ముక్కు దగ్గర నిలబడి గుర్తించాలి. తాడంతా వదిలి స్థిరపడ్డాక నొక్కితే, పడవ ఉన్న చోటే కేంద్రమైపోయి, గాలి మారగానే ఊరికే మోగుతుంది. మోత భరించలేక వ్యాసార్ధం పెంచితే నిజంగా జారినప్పుడు మోగదు. ఆకాశం విశాలంగా కనబడే చోట కూడా ఫోన్ చెప్పే స్థానం అయిదు మీటర్ల దాకా అటూఇటూ ఉంటుంది. ఫోన్ వెనుక కూర్చునే చోట ఉంటుంది కాబట్టి పడవ పొడవు కూడా కలుస్తుంది. మా 25 మీటర్ల వలయానికి 32 పెట్టాను.

ఫోన్‌తో పాటు పాత పద్ధతి కూడా పెట్టుకున్నాను. పడవకు అడ్డంగా చూస్తూ, గట్టు మీది తాటి చెట్టు, దాని వెనుక కొండ అంచున ఉన్న గండి ఒకే వరసలో ఉండేలా గుర్తుపెట్టుకోవాలి. పడవ వెనక్కు జారితే దగ్గరి తాటి చెట్టు కొండ గండిని దాటి ముందుకు నడిచినట్టు కనబడుతుంది. గాలి మళ్లినప్పుడు కూడా ఈ వరస చెదురుతుంది, కాని అప్పుడు పడవ ముక్కు దిక్కు కూడా మారుతుంది. ముక్కు దిక్కు మారకుండా చెట్టు ఒక్కటే నడిచిందంటే లంగరు పట్టు తప్పినట్టే.

ఫిబ్రవరి 16

పులికాట్‌కు ఈ అంకెలను సరిచేసుకుంటున్నాను. ఆ సరస్సు సగటు లోతు మీటరు చిల్లర. ముక్కు ఎత్తు కలిపి రెండు మీటర్లనుకుంటే ఏడు రెట్లకు 14 మీటర్లు చాలునని లెక్క చెబుతుంది. కాని ఇంత తక్కువ తాడుకు సాగే గుణం తక్కువ, అల కుదుపు అంతా నేరుగా లంగరు మీదే పడుతుంది. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లు అవుతుంది: సెకనుకు 10 మీటర్ల గాలి మా పడవ ముఖభాగం మీద సుమారు 12 కిలోల బరువంత లాగితే, 20 మీటర్ల గాలి 48 కిలోలంత లాగుతుంది. అందుకని లోతు ఎంత తక్కువైనా 20 మీటర్ల తాడుకు తగ్గకూడదని, గాలి పెరిగితే 30కి వెళ్లాలని పెట్టుకున్నాను. 30 వదిలిన రోజు ఎడం లెక్క కూడా 40కి పెరగాలి, ముందు వేసిన పడవ వచ్చి ఆ చోటు మనకు ఇవ్వదు. కాబట్టి రాత్రి గాలి పెరిగే సూచన ఉంటే సాయంత్రమే 40కి చోటు చూసుకోవాలి.

నీటి ఎత్తు మార్పు ఇక్కడ పెద్ద చిక్కు కాదు. మన దక్షిణ కోస్తాలో పోటుకూ పాటుకూ తేడా పెద్ద పోటు రోజుల్లోనే సుమారు ఒక మీటరు. సరస్సు లోపల ఇంకా తక్కువ. పోటు పది మీటర్ల దాకా లేచే గుజరాత్‌లోని ఖంబాత్ సింధుశాఖలో అయితే ఈ లెక్కలేవీ నిలవవు. పులికాట్‌లో నిజంగా చూడవలసినవి వలల కర్రలు. అవి తిరగవు, పక్కకు తప్పుకోవు; వాటికి వలయపు వ్యాసార్ధం పూర్తిగా, అంటే 25 మీటర్లు, దానిపైన ఒక పడవ పొడవు ఇవ్వాలి. పక్షుల రక్షిత ప్రాంతం కాబట్టి అనుమతి కాగితం చేతికి వచ్చాకే పడవ అటు వెళ్తుంది, పక్షుల గుంపుల దగ్గర లంగరు వేయడం అసలు లేదు.

మిగిలింది రాత్రి కొలత. అంతర్జాతీయ నౌకా నియమాల ప్రకారం లంగరు వేసిన చిన్న పడవ రాత్రి అన్ని దిక్కులకూ కనిపించే తెల్ల దీపం పెట్టాలి. 7 మీటర్ల లోపు పడవలకు, పడవలు నడిచే దారుల్లో గాని వాటి పక్కన గాని లంగరు వేసే చోట్ల గాని కాకపోతే మినహాయింపు ఉంది గాని, నేను పెడతాను. కొయ్య కొనన దీపం, కింద కూర్చునే చోట ఇంకో చిన్న దీపం పెట్టి, రెంటి మధ్య సరిగ్గా 5 మీటర్లు వచ్చేలా వైరు కట్టాను. చీకట్లో ఆ రెండు వెలుగులే కర్రకు కొలత: గుణకం 300, కర్ర మీద 10 సెంటీమీటర్లు వస్తే 30 మీటర్లు, 6 వస్తే 50. మిత్రుడి పడవకు కూడా అలాగే కట్టడానికి రెండో జత దీపాలు తెచ్చాను, వైరు టంకం పని రేపు.